మాక్సువెల్ పండితుడు – ముప్పదియారు గళ్ల లెక్క

గత సంవత్సరము పదవ తరగతి విద్యార్థి యొకడు మాయొద్దకు వచ్చి, సెల్ ఫోనును చెవికి ఆనించి మాటలాడునప్పుడు దానినుండి వెడలు తరంగములు తలలోనికి ఎంతదూరము చొచ్చునో తెలిసికొనుట యెట్లని యడిగెను. మేము వెంటనే సరియైన యుత్తర మీయజాలకపోతిమి. బ్రదికియున్న మనుష్యుని మెదడులో కొలతసాధనము నుంచి చూచుటకు వీలులేదు గదా! తరువాత గ్రంథములు తిరుగవేయగా మాకు దెలిసినదేమన, ఈ సంగతిని ముఖ్యముగా లెక్కకట్టియే తెలిసికొనుచున్నారు. ఆ లెక్కకు మూలమైన సమీకరణములను వ్రాసిన మహనీయుడు, రేడియో ఆంటెనా యనునది లోకములో పుట్టకమునుపే, 1879 లో గతించెను. ఆయన పేరు మన భౌతికశాస్త్ర పాఠములలో నొకటి రెండు చోట్ల వచ్చి పోవునేకాని, ఆయన జీవితము మన బాలురకు దెలియదు. ఆ విద్యార్థికి మేము బాకీపడిన యుత్తరమును, ఆ మహనీయుని చరితమును కలిపి యిచ్చట వ్రాయుచున్నాము.

జేమ్సు క్లార్కు మాక్సువెల్ 1831 వ సంవత్సరము జూను 13 వ తేదీన స్కాట్లండు దేశములోని ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి జాన్ క్లార్కు మాక్సువెల్ న్యాయవాది. అయినను ఆయన మనస్సు న్యాయస్థానముకంటె యంత్రములమీదను, సేద్యముమీదను నెక్కువగా నుండెడిది. తల్లి ఫ్రాన్సెసు. బాలుడు దక్షిణ స్కాట్లండులో గ్లెన్‌లెయిరు అను పల్లెపట్టున, తండ్రిగారి భూములలో పెరిగెను. ఇంటిలో నొక గదినుండి మరియొక గదికి గంట మ్రోగించుటకై గోడలవెంట తీగెలు లాగియుండెడివి. మూడేండ్ల ప్రాయముననే యీ బాలుడు ఆ తీగెల వెంటబడి, ఏ తీగె యే గంటను కదపునో, ఎట్లు కదపునో కనిపెట్టువరకు పెద్దలను ఊరకుండనిచ్చెడివాడు కాడు. ఏదో యొక విధముగా జరుగుచున్నదని చెప్పిన వానికి తృప్తి లేదు. ఇక్కడ లాగిన నక్కడ గంట యేల మ్రోగెను, నడుమ నేమి జరిగెను, అని మరల నడుగును. చదువరు లీ తీగెల సంగతి జ్ఞప్తియం దుంచుకొందురు గాక.

ఆయనకు ఎనిమిదవ యేట, 1839 డిసెంబరులో, తల్లి కడుపులోని పుట్టకురుపు వ్యాధిచే మరణించెను. ఆమెకు నలువదియేడు సంవత్సరములు. శస్త్రచికిత్స చేసిరిగాని ఫలింపలేదు. మత్తుమందిచ్చి కోయు పద్ధతి అప్పటికి వైద్యులకు దెలియదు. అది 1846 తరువాతనే వ్యాపించెను. ఆ తల్లి పడిన బాధ యెట్టిదో మనము ఊహించుకొనవలసినదే.

పదవ యేట బాలుని ఎడింబరోలోని పాఠశాలకు బంపిరి. తండ్రి స్వయముగా రూపుగీసి కుట్టించిన పల్లెటూరి దుస్తులను, చదరపు కొనలుగల చెప్పులను దొడిగికొని వచ్చిన యీ క్రొత్తవానిని తోడి బాలురు చుట్టుముట్టి చొక్కాయి చింపివేసిరి. వెఱ్ఱివాడని యర్థమిచ్చు పేరొకటి పెట్టిరి. ఆ పేరు చాలకాలము ఆయనను విడువలేదు. వారిలో చాలమంది పేరులు నేడెవ్వరికిని దెలియవు. ఆ వెఱ్ఱివాడో, పదునాలుగేండ్లకే సూదులతోను దారముతోను అండాకార రేఖలు గీయు క్రొత్త పద్ధతిని కనిపెట్టి వ్యాసము వ్రాసెను. 1846 లో దానిని ఎడింబరో రాయల్ సొసైటీ సభలో చదివిరి. బాలుడు సభలో నిలిచి చదువుటకు మిక్కిలి పసివాడని ఫోర్బెసు అను ఆచార్యు డాయనకు బదులుగా చదివెను.

ఎడింబరో విశ్వవిద్యాలయమునను, 1850 నుండి కేంబ్రిడ్జిలోను చదివి, 1854 లో గణితపరీక్షయందు రెండవవాడుగా నుత్తీర్ణు డయ్యెను. ఆ సంవత్సరముననే ఆయన కంటిలోపలి భాగమును జూచుటకు తగిన పరికరము నొకటి చేసికొని, మనుష్యుల కన్నులలోనికిని, కుక్కల కన్నులలోనికిని వెలుగు పంపి చూచుచుండెను. కుక్కలు చక్కగా కదలక కూర్చుండెడివట. ఈ కంటి సంగతికిని మరల వత్తుము.

అప్పటికి విద్యుత్తు, అయస్కాంతము అనువానిని గూర్చి పండితులలో రెండు మతములుండెను. దూరముననున్న రెండు వస్తువులు నడుమ నేమియు లేకయే యొకదాని నొకటి లాగును లేక త్రోయును అనునది యొక మతము. గొప్ప గణితజ్ఞులలో చాలమంది దానినే నమ్మిరి. గణితము నేర్వని మైకేల్ ఫారడే యొక్కడు మాత్రము అట్లుగాదనియు, నడుమనున్న చోటంతయు ఆ బలముతో నిండియుండుననియు, అది యొక చోటినుండి ప్రక్కచోటికి, అక్కడనుండి దాని ప్రక్కచోటికి సాగుననియు తలచెను. మన పల్లెలలో నిల్లు అంటుకొన్నప్పుడు బావినుండి యింటివరకు జనులు వరుసగా నిలిచి నీళ్లకడవలను చేతినుండి చేతి కందింతురు గదా. ప్రతివాడును తన ప్రక్కవానితో మాత్రమే పనిగలవాడు. అయినను నీరు దూరమునకు చేరును. ఫారడే తలపు అట్టిది. గంట తీగెలవెంట బడిన బాలునకు ఈ తలపు నచ్చుటలో వింతలేదు. ఫారడే మాటలలో చెప్పినదానిని మాక్సువెల్ 1855, 1856 సంవత్సరములలో గణితములో చెప్పుటకు మొదలుపెట్టెను.

తరువాతి కొన్ని సంవత్సరములు ఒడుదొడుకులతో గడచెను. 1856 లో తండ్రి మరణించెను. ఆ సంవత్సరముననే అబర్డీను నగరములోని మారిషల్ కళాశాలయం దాచార్యు డయ్యెను. 1858 లో ఆ కళాశాలాధ్యక్షుని కుమార్తె కాథరీను మేరీ డ్యూయరును వివాహమాడెను. 1860 లో ఆ నగరపు కళాశాలలు రెండింటిని గలిపివేయగా ఉద్యోగము పోయెను. ఎడింబరోలో నాచార్యపదవికి ప్రయత్నింపగా అది బాల్యమిత్రుడైన టెయిటునకు బోయెను. వెంటనే మశూచికము సోకి చావుతప్పి బయటపడెను. భార్యయే దగ్గరనుండి పరిచర్య చేసెను. వారికి సంతానము లేదు. 1860 చివర లండనులోని కింగ్సు కళాశాలలో చేరెను.

లండనులో నాయన చేసిన పని యీ చరితమునకు గుండెకాయ వంటిది. 1861 లో నాయన యొక మాదిరిని ఊహించెను. శూన్యమని మనమనుకొను చోటంతయు సన్నని గదులతో నిండియున్నదనియు, ప్రతి గదియు బొంగరమువలె తిరుగుచుండుననియు, ఆ తిరుగుడే అయస్కాంతబల మనియు అనుకొనెను. ఇచ్చట నొక చిక్కు వచ్చెను. చెరకు గానుగలో నొకదాని నొకటి తాకు రెండు రోలర్లను చూడుడు. ఒకటి యిటు తిరిగిన రెండవది యటు తిరుగును. గదులన్నియు నొకే దిశగా తిరుగవలెనన్న, ప్రతి రెండు గదుల నడుమను చిన్న గుండ్రని పూసల వరుస నుంచవలెను. ఆ పూసల కదలికయే విద్యుత్తు అని మాక్సువెల్ చెప్పెను. ఆయన దీనిని నిజమని నమ్మలేదు. ఇల్లు కట్టువాడు కట్టు సారువవలె వాడుకొని తరువాత విప్పివేసెను. అయినను గది తన ప్రక్కగదితో మాత్రమే మాటలాడును, దూరపు గదితో మాటలాడదు అను నియమము మాత్రము నిలిచిపోయెను.

ఆ గదులకు కొంచెము సాగెడి గుణమున్నచో వానిగుండ తరంగములు పోవలెను. ఎంత వేగముతో? వేసవిలో గ్లెన్‌లెయిరునందుండి లెక్క వేసెనుగాని, దానికి గావలసిన కొలత యొకటి ఆయనయొద్ద లేదు. లండను తిరిగివచ్చువరకు కాచుకొనవలసివచ్చెను. వెబరు, కోల్‌రౌషు అను జర్మనుపండితులు సీసాలవంటి విద్యుత్పాత్రలతోను, తీగెచుట్టలతోను జేసిన కొలతను తన సూత్రములో వేయగా సెకనుకు 3,10,740 కిలోమీటర్లు వచ్చెను. 1849 లో ఫిజో అను ఫ్రెంచివాడు పండ్లచక్రముతో కొలిచిన వెలుతురు వేగము సుమారు 3,15,000. వెలుతురుతో నేమాత్రమును సంబంధము లేని కొలతనుండి వెలుతురు వేగము వచ్చి నిలిచెను! వెలుతురు విద్యుదయస్కాంత తరంగమే యని ఆయన 1862 లో ప్రకటించెను. నేటి ఖచ్చితమైన సంఖ్య 2,99,792. రెండు కొలతలును కొంచెము తప్పులే, ఆ తప్పులతోనే సత్యము బయటపడెను.

1864 డిసెంబరులో రాయల్ సొసైటీ యెదుట చదివిన వ్యాసములో సారువ విప్పి, సమీకరణములను మాత్రము నిలిపెను. అవి యిరువది. (వానిని మనము నేడు నేర్చుకొను నాలుగింటిగా కుదించినవాడు తరువాతివాడైన హెవిసైడు.) 1865 లో నుద్యోగము విడిచి గ్లెన్‌లెయిరు చేరి పెద్ద గ్రంథము వ్రాసెను, అది 1873 లో వెలువడెను.

సమీకరణము వ్రాయుట వేరు, దానిని సాధించుట వేరు. గోళము, నిడుపైన తీగె, సమతలము, ఇట్టి చక్కని యాకారముల కయినచో కాగితముమీద సాధింపవచ్చును. మనుష్యుని తల గోళము గాదు. ఎముక వేరు, క్రొవ్వు వేరు, కండ వేరు, కంటినీరు వేరు. ప్రతిదానిలోను తరంగము వేరు వేగముతో పోవును, వేరువిధముగా నిగిరిపోవును. ఇట్టిదానికి మాక్సువెలే కాదు, ఎంతటి గణితజ్ఞుడును సూత్రము వ్రాసి ముగింపలేడు. మఱి యేమి చేయవలెను? దీని కుత్తరము గూడ ఆయన జీవితపు చివరి పనిలోనే యున్నదని మాకు దోచుచున్నది.

1871 లో కేంబ్రిడ్జివారు క్రొత్తగా నేర్పరచిన ప్రయోగశాల కాయన నాచార్యునిగా బిలిచిరి. 1874 లో అది తెరువబడెను. హెన్రీ కేవెండిషు (1731–1810) అను పండితుడు ప్రకటింపక విడిచిపోయిన విద్యుత్ప్రయోగముల కాగితములను సవరించి అచ్చువేయు పనిని మాక్సువెల్ పైన వేసికొని, కడపటి యయిదు సంవత్సరములు దానిలో గడపెను. అట్టి ప్రతిభాశాలి పరుల కాగితములకు కాలము వ్యయపరచెనే యని కొందరు విచారింతురు. మే మట్లు విచారింపము. కేవెండిషు కాలమున విద్యుత్ప్రవాహమును కొలుచు సాధనము లేదు. ఆయన తన దేహముగుండనే విద్యుత్తును బంపి, ఏది యెక్కువ ఝల్లుమనిపించునో దానినిబట్టి నిర్ణయించెను. మాక్సువెల్ ఆ పద్ధతిని నమ్మవచ్చునా యని తన చేతులమీదను, ప్రయోగశాలను చూడవచ్చినవారి చేతులమీదను పరీక్షించెను. మర్యాదకై వచ్చిన యతిథి చొక్కాయి చేతులు పైకి మడిచి కొలతసాధనముగా మారవలసివచ్చెడిది! మానవదేహము విద్యుత్పరికరములలో నొకటి యని ఆ ప్రయోగశాలలో నందరికిని అనుభవమునకు వచ్చెను.

ఆ కాగితములలోనే చదరపు లోహపు పలక యెంత విద్యుత్తు నిలుపుకొనును అను ప్రశ్న యొకటి వచ్చెను. పలకమీద విద్యుత్తు సమముగా నుండదు. అంచులకు, మూలలకు ఎక్కువగా పోవును. దీనికి చక్కని సూత్రము లేదు. మాక్సువెల్ చేసినది చూడుడు. పలకను నిలువున నారు, అడ్డమున నారుగా 36 సమానమైన గళ్లుగా విభజించెను. ఒక్కొక్క గడిలో విద్యుత్తు సమముగా నున్నదనుకొని, ప్రతి గడి నడుమను పొటెన్షియలు ఒకటికి సమానముగా నుండునట్లు ఆ గళ్లలోని విద్యుత్తును లెక్కించెను. పలక నాలుగువైపులను ఒకే తీరుగా నుండుటచే 36 గళ్లకును వేర్వేరు తెలియనిసంఖ్య లారు మాత్రమే. అవి సాధింపగా నిలుపుశక్తి పలక భుజములో 0.3607 వంతు అని తేలెను. గణకయంత్రములతో నేడు తేల్చిన విలువ 0.3668. చేతితో వేసిన లెక్కకు నూటికి రెండుకంటె తక్కువ తప్పు! పెద్దదానిని గళ్లుగా కోసి, ప్రతి గడికి నొక సులభమైన సంఖ్య నిచ్చి, అన్నింటిని కలిపి సాధించుట. ఈ విద్య అంతయు నందులోనే యున్నది. 1879 లో నా గ్రంథము వెలువడెను.

ఆ సంవత్సరమే ఆయనకు కడపటిది. 1877 నుండియే కడుపులో నొప్పియు, మ్రింగుటకు కష్టమును నుండెను. ఎవ్వరికిని చెప్పక సోడా ఉప్పు కలిపిన నీరు త్రాగి సరిపుచ్చుకొనుచుండెను. భార్య జబ్బుతో నుండగా రాత్రులు ఆమె మంచముచెంత కుర్చీలో గూర్చుండి కాచెను, పగలు ప్రయోగశాలకు బోయెను. 1879 అక్టోబరులో వైద్యుడు ఆయనకు నెలకు మించి వ్యవధి లేదని తెలిపెను. తల్లికి వచ్చిన రోగమే. కేంబ్రిడ్జికి వచ్చి, నవంబరు 5 వ తేదీన, నలువది యెనిమిదవ యేట కన్నుమూసెను. తనకంటె భార్య గతి యేమగునో యను చింతయే ఆ దినములలో నాయనకు మిక్కుటముగా నుండెను. గ్లెన్‌లెయిరు సమీపమున పార్టన్ గ్రామములో, తలిదండ్రుల చెంత, ఆయనను సమాధిచేసిరి.

తాను చెప్పిన తరంగములను నిప్పురవ్వతో పుట్టించి పట్టుకొనినవారిని ఆయన చూడలేదు. ఆ పని 1886 మొదలు 1888 వరకు జర్మనీలో హెర్ట్‌జు చేసెను. ఆయన వాడిన రెండు తీగెల పరికరమే మన ఆంటెనాలకు పూర్వికుడు. అంతతో నాగక, ఆ తీగెలనుండి బలరేఖలు క్షణక్షణమునకు ఎట్లు విడివడి గాలిలోనికి పోవునో సమీకరణములనుండి లెక్కించి 1889 లో బొమ్మలు గీసెను. మన కాలపు యంత్రములు తెరమీద చూపు బొమ్మలకును ఆ చేతిబొమ్మలకును పోలిక యింతింతగాదు. తీగెలను చిన్న తునకలుగా విభజించి, ఒక్కొక్క తునకలోని ప్రవాహమును సాధించి ఆంటెనాల గుణములను తెలిసికొను పద్ధతిని 1968 లో హారింగ్టన్ అను అమెరికాపండితుడు గ్రంథరూపమున సంస్కరించి యిచ్చెను. అది 36 గళ్ల లెక్కకు మనుమడు.

మనుష్యదేహమునకు తగినది మరియొక పద్ధతి. చైనాలో జన్మించి అమెరికాలో పనిచేసిన కేన్ యీ అను గణితజ్ఞుడు దానిని 1966 లో ప్రకటించెను. చోటంతయు చిన్న ఘనములుగా విభజింపుడు. ప్రతి ఘనపు అంచులమీద విద్యుద్బలమును, ముఖములమీద అయస్కాంతబలమును వ్రాసికొనుడు. చుట్టునున్న విద్యుద్బలములను జూచి అయస్కాంతబలమును సవరింపుడు. పిమ్మట చుట్టునున్న అయస్కాంతబలములను జూచి విద్యుద్బలమును సవరింపుడు. ఒకే రోటిలో నిద్దరు స్త్రీలు మార్చి మార్చి రోకటిపోటు వేసినట్లు ఈ రెండు సవరణలును సాగిపోవును. ఒక్కొక్క ఘనము తన ప్రక్కఘనములనే చూచును, దూరపు ఘనముతో దానికి బనిలేదు. 1861 లో కట్టిన గదుల సారువ నూటయయిదేండ్లకు యంత్రములో మరల నిలిచినట్లయ్యెను.

కాలమునుగూడ తునకలుగానే కోయవలెను. ఒక్క తునకలో తరంగము ఘనమును దాటిపోరాదు, దాటినచో సంఖ్యలు వెఱ్ఱియెత్తి పెరిగిపోవును. ఈ నియమమును చెప్పుటలో యీ గారు కొంచెము పొరబడగా, టాఫ్లోవ్, బ్రాడ్విన్ అనువారు 1975 లో దిద్దిరి. వా రా సంవత్సరముననే యీ పద్ధతితో లెక్కించిన దేహభాగమేదో తెలియునా? మానవుని కన్ను. కంటిలోని కటకమునకు రక్తప్రసారము లేదు గనుక అక్కడ పుట్టిన వేడి త్వరగా పోదు; మితిమీరిన సూక్ష్మతరంగములవలన శుక్లములు వచ్చునను భయముండెను. కుక్క కన్నులోనికి తొంగిచూచిన 1854 నుండి లెక్కింపగా, మాక్సువెల్ సమీకరణములు కంటిలో ప్రవేశించుటకు 121 సంవత్సరములు పట్టెను.

ఇక మా విద్యార్థి ప్రశ్న. దేహమును పలుచని పొరలుగా చిత్రించిన పటములనుండి, ఏ ఘనము ఎముకయో, ఏది క్రొవ్వో, ఏది మెదడో గుర్తించి యంత్రమునకు చెప్పుదురు. డెబ్బది కిలోల దేహమును ఒక్కొక్క మిల్లీమీటరు ఘనములుగా కోసినచో సుమారు 7 కోట్లు; ఒక్కొక్కదానికి ఆరు సంఖ్యలు; అవి అన్నియు సెకనులో లక్షకోట్లవంతులు రెండింటికంటె తక్కువ కాలమున కొకమారు సవరింపబడవలెను. ఘనపు ప్రక్కను సగము చేసినచో పని పదునారురెట్లగును. గాలిలో 33 సెంటీమీటర్ల నిడివిగల 900 మెగాహెర్ట్‌జు తరంగము కండలో ప్రవేశించిన తోడనే నాలుగున్నర సెంటీమీటర్లకు కుంచించుకొనిపోవును. మెదడులో నాలుగు సెంటీమీటర్లు పోవునప్పటికి దాని శక్తి యేడవవంతు మాత్రము మిగులును. కావున వేడి ముఖ్యముగా ఫోనున్న ప్రక్కను, పైపై భాగములలోనే పుట్టును. ఒక కిలో ధాతువునకు ఎన్ని వాట్లు చేరుచున్నవో అదియే కొలమానము. మన దేశములో 2012 సెప్టెంబరునుండి, ఏ యొక్క గ్రాము ధాతువుమీద సరాసరి చూచినను కిలోకు 1.6 వాట్లకు మించరాదని నియమము. అమ్మకపు అనుమతికి తలరూపముగల పాత్రలో తగిన ద్రవము పోసి కొలిచియే చూతురు. లెక్క చూపునది ఆ ద్రవము చూపజాలనిది, అనగా ఎముక వెనుక, కంటి వెనుక నేమి జరుగుచున్నదో అది.

ఈ లెక్కను భయము తీర్చుకొనుటకే కాక చికిత్సకును వాడుచున్నారు. పుట్టకురుపుగల కొందరు రోగులకు కటిప్రదేశముచుట్టు వలయముగా ఆంటెనాల నమర్చి, ఆ కురుపును మాత్రము 40 మొదలు 43 డిగ్రీలవరకు వెచ్చచేయుదురు. దానివలన కిరణచికిత్సకు బలము చేకూరును. ఏ ఆంటెనాకు ఎంత శక్తి, ఎంత ముందు వెనుకలుగా నియ్యవలెనో రోగి దేహచిత్రముపై ముందుగా లెక్కింతురు. తల్లిని ఎనిమిదవ యేట, తన ప్రాణమును నలువది యెనిమిదవ యేట ఏ జాతి రోగమునకు అప్పగించెనో ఆ జాతి రోగము చుట్టు ఆయన సమీకరణములను ఇప్పుడు ఘనము ఘనముగా నడిపించుచున్నారు.

ఇదంతయు మే మా విద్యార్థికి చెప్పితిమి. వాడు యంత్రము సంగతి కొంతసేపు వినెనుగాని, 36 గళ్ల పలకను చూచినప్పుడు కదలక కూర్చుండెను. ఆరు సమీకరణములను తన నోటుపుస్తకములో చేతితోనే సాధింతునని పట్టుబట్టినాడు. మొదటిసారి మూలగడికి నడిమిగడికంటె తక్కువ విద్యుత్తు వచ్చినది. అట్లు రాదని వానికే తోచి కొట్టివేసెను. ఈ సంచిక ముద్రణకు బోవునాటికి రెండవసారి నాలుగవ సమీకరణము దాటినాడు.